మూడేళ్ల వాడకం తర్వాత: పొద్దున్నే లేవని ఎఫ్‌పీజీఏ బోర్డు

ఎఫ్‌పీజీఏ అంటే పవర్ వచ్చిన ప్రతిసారీ పక్కనున్న ఫ్లాష్ మెమరీ నుంచి తన డిజైన్‌ను (దాన్నే బిట్‌స్ట్రీమ్ అంటారు) చదువుకుని పని మొదలుపెట్టే చిప్. ఈ ఎఫ్‌పీజీఏ బోర్డులో నాకు అన్నిటికంటే నచ్చింది, లోడ్ పూర్తయితే వెలిగే డన్ లైటు పక్కనే, లోడ్‌లో తప్పు పడిందేమో చెప్పే ఇనిట్ పిన్‌కు కూడా ఒక చిన్న ఎల్‌ఈడీ పెట్టడం. లాజిక్ సెల్స్ ఎన్ని, మెమరీ ఎంత అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఆ రెండో లైటు లేకపోయుంటే ఈ బోర్డును ఎప్పుడో పక్కన పడేసేవాణ్ణి.

మొదటి ఏడాది ఏ పేచీ లేదు. పాత అడాప్టర్ పోయి, అదే వోల్టేజీది వేరేది పెట్టినప్పటి నుంచి మొదలైంది. రాత్రంతా ఆపి ఉంచి పొద్దున స్విచ్ వేస్తే డన్ లైటు వెలగదు. మళ్లీ మొదటి నుంచి లోడ్ చేయించే ప్రోగ్ బటన్ ఒక్కసారి నొక్కితే చాలు, లేచి కూర్చుంటుంది. ఆపిన వెంటనే మళ్లీ వేసినా లేస్తుంది. ఫ్లాష్‌తో పని లేకుండా కంప్యూటర్ నుంచి నేరుగా జేటాగ్ కేబుల్‌తో లోడ్ చేస్తే ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. మర్నాడు ఎవరికైనా చూపించాలంటే ముందు రోజు నుంచే టెన్షన్.

బటన్‌తో లేస్తోందంటే బిట్‌స్ట్రీమ్ బాగున్నట్టే, ఎక్కడి నుంచి లోడ్ కావాలో చెప్పే మోడ్ పిన్నులూ సరిగ్గా ఉన్నట్టే. అయినా మనసు ఊరుకోక ఫ్లాష్‌ను రెండుసార్లు చెరిపి రాశాను, దాని కాళ్లకు మళ్లీ టంకం పెట్టాను. ఏమీ మారలేదు.

అప్పుడు ఇనిట్ లైటును గమనించాను. డేటా పాడై వస్తే సీఆర్‌సీ (డేటాను సరిచూసే లెక్క) తప్పు పడి ఇనిట్ ఆరిపోవాలి. నా బోర్డులో అది నిలకడగా వెలుగుతోంది, డన్ మాత్రం లేదు. అంటే చిప్‌కు అసలు మొదలే దొరకలేదు. బిట్‌స్ట్రీమ్ ముందు భాగంలో ఏఏ995566 అనే గుర్తు ఉంటుంది. అది కనిపించేదాకా ఈ చిప్ వచ్చిన డేటాను లెక్కలోకే తీసుకోదు.

స్కోప్ (వోల్టేజీ మార్పులను గీతగా చూపే పరికరం) పెట్టి పొద్దుటి మొదటి స్విచ్‌నే పట్టుకున్నాను. 3.3 వోల్టుల లైన్ మెల్లగా ఎక్కుతోంది. అది 2.4 దగ్గర ఉండగానే చిప్ ఫ్లాష్‌ను పిలిచి, చదవమని కమాండ్ పంపేసింది. ఫ్లాష్‌కు కనీసం 2.7 వోల్టులు కావాలి, ఆ తర్వాత కూడా కాస్త వ్యవధి ఇవ్వాలి. క్లాక్ చకచకా కొట్టుకుంటూనే ఉంది, డేటా లైన్ మాత్రం గీత గీసినట్టు పైనే ఉండిపోయింది. చిప్‌కు అందినవన్నీ ఒకట్లే. వెంటనే ఆపి వేసినప్పుడు కెపాసిటర్లలో మిగిలిన చార్జి వల్ల లైన్ త్వరగా ఎక్కేది, అందుకే ఆ పరీక్షలో లోపం బయటపడలేదు.

ఫ్లాష్ లేచేదాకా చిప్‌ను ఆపాలి. ముందు ప్రోగ్ పిన్‌కు కెపాసిటర్ వేశాను, లాభం లేకపోయింది. మాన్యువల్ తీస్తే అందులోనే ఉంది: పవర్ వచ్చేటప్పుడు ప్రోగ్‌ను కిందికి పట్టి ఉంచినా ఈ చిప్ ఆగదు, ఇనిట్‌ను పట్టుకోవాలి. 3.08 వోల్టులు దాటాక దాదాపు 200 మిల్లీసెకన్లకు వదిలే సూపర్‌వైజర్ చిప్ ఒకటి ఇనిట్‌కు కలిపాను. ఓపెన్ డ్రెయిన్ (కిందికి లాగడమే తప్ప పైకి నెట్టని) రకమే వాడాలి, ఎందుకంటే ఆ పిన్‌ను ఎఫ్‌పీజీఏ కూడా కిందికి లాగుతుంది. అప్పటి నుంచి ఎనిమిది నెలలు, ఒక్క పొద్దున కూడా మొరాయించలేదు.

కొన్న కొత్తలో ఈ బోర్డు పవర్ సెక్షన్ చాలా బాగుందని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. వోల్టేజీలు నిజంగానే స్థిరంగా ఉంటాయి, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ అవి ఏ క్రమంలో, ఎంత వేగంతో ఎక్కుతాయన్నది అడాప్టర్ దయకు వదిలేశారు. అది నాకు అప్పట్లో తట్టలేదు.

నేను బల్ల మీద పెట్టుకుని వాడతాను, టంకం పని వచ్చు, స్కోప్ అందుబాటులో ఉంది. కాబట్టి నాకు ఇది ఇప్పటికీ ఇష్టమైన బోర్డే. ఎప్పుడూ జేటాగ్‌తో లోడ్ చేసుకునే విద్యార్థికి ఈ లోపం ఎదురు కాకపోవచ్చు. బటన్ నొక్కడానికి మనిషి లేని చోట బిగించాలంటే మాత్రం, కనీసం వారం పాటు రోజూ రాత్రి ఆపి పొద్దున వేసి చూడనిదే నేను ఒప్పుకోను.