పదమూడేళ్ల వయొలిన్ సాధన తర్వాత

పదకొండో ఏట వయొలిన్ పట్టుకున్నాను. ఇప్పుడు నాకు ఇరవై నాలుగు. పిల్లల్ని వయొలిన్‌లో చేర్పించాలా, ఎన్నాళ్లకు పాట వస్తుంది అని తెలిసినవాళ్లు అడుగుతూనే ఉంటారు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది విజయనగరం. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారికి పట్రాయని సీతారామశాస్త్రి గారు డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పిందీ, ఘంటసాల గారు మధూకరం చేసుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, చదువుకున్నదీ ఈ ఊళ్లోనే. నాకు వయొలిన్ నేర్పిన మాస్టారు పాఠం మధ్యలో ఇవన్నీ చెబుతుంటే అప్పట్లో కథల్లా వినేదాన్ని.

మొదటి ఏడాది నిజంగా కష్టం. బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తల కుడి కాలి మడమ దగ్గర ఆనించి కూర్చోవాలి. అరగంటకే కాళ్లు తిమ్మిరెక్కేవి. తీగల మీద లాగే కమాను గీరుమనేది. హార్మోనియానికి ఉన్నట్టు దీనికి మెట్లు ఉండవు, వేలు నూలుపోగంత జరిగినా అపస్వరమే. మొట్టమొదటి పాఠాలైన సరళీ వరసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, శుభ్రంగా పలకడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అయితే అప్పుడే ఒక అలవాటు వచ్చింది. తప్పు వినపడగానే బెంబేలు పడకుండా వేలు సర్దుకుని ముందుకు వెళ్లడం. పరీక్షల్లోనూ, ఇప్పుడు ఉద్యోగంలోనూ టెన్షన్ వచ్చినప్పుడు నన్ను నిలబెడుతున్నది అదే.

పద్నాలుగో ఏట శ్రీరామనవమి పందిట్లో ఒక పెద్దావిడ పాటకు పక్కవాద్యం వాయించాను. ఆవిడ ఒక సంగతి (పాటలోని వరసను కొత్తగా మార్చి పాడటం) పూర్తి చేయకముందే నేను అందుకుని గబగబా వాయించేశాను. జనం చప్పట్లు కొట్టారు. ఇంటికి వస్తూ మాస్టారు, "బాగానే వాయించావమ్మా. ఆవిడ ఊపిరి ఎక్కడ తీసుకున్నారో ఒక్కసారైనా విన్నావా?" అన్నారు. వినలేదు. ఆ తర్వాత ఏడాది పాటు కచేరీలకు వయొలిన్ లేకుండా తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టారు. గాయకులు ఎక్కడ ఆగుతారు, ఎక్కడ గొంతు అలిసింది, ఎప్పుడు మనం తగ్గాలి అన్నది చూస్తూ ఉండటమే నా పాఠం. ఎదుటి మనిషి మాట పూర్తిగా వినడం నాకు అక్కడ వచ్చింది. పదమూడేళ్లలో నాకు దక్కిన అన్నిటికన్నా పెద్దది ఇదేనని నా నమ్మకం.

ఇబ్బందులూ చెప్పాలి. నాలుగున్నర వేలు పెట్టి కొన్న మొదటి వయొలిన్ అంత బాగాలేదు. తీగల్ని ఎత్తి పట్టే బ్రిడ్జి ఎత్తు ఎక్కువై వేళ్లు కోసుకుపోయేవి, తీగలు బిగించే బిరడాలు నిలిచేవి కావు. మాస్టారు సుద్దముక్క పొడి రాసి నిలబెట్టేవారు. కొనేటప్పుడు వాయించడం వచ్చిన వాళ్లను వెంట తీసుకెళ్లండి. చిన్నపిల్లలకు హాఫ్ సైజు చాలు. పదో తరగతిలో కోచింగ్ కోసం సాధన ఆపేశాను. తిరిగి చెయ్యి కుదరడానికి ఎనిమిది నెలలు పట్టింది. రోజూ ఇరవై నిమిషాలైనా వదలకుండా ఉండాల్సింది. ఇంకో మాట, ఏడాది తిరక్కుండానే పిల్లల్ని పోటీలకు తిప్పడం నాకు నచ్చదు. కప్పులు వస్తాయి, చెవి తయారు కాదు.

నాన్న పని పోయి రెండేళ్లు ఇల్లు గడవడమే కష్టమైంది. ఆ రోజుల్లో మాస్టారు ఒక్కసారి కూడా ఫీజు ఊసెత్తలేదు. అమ్మానాన్నలు ఎలాగో కడుతున్నారనే అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఆయన పాత ఫీజుల నోట్‌బుక్ సర్దుతుంటే నా పేరు కనిపించింది. ఇరవై నాలుగు నెలల గళ్లలో చిన్న చిన్న అడ్డగీతలు. బాకీ అని ఎక్కడా రాయలేదు. ఆ పేజీ చూసిన వారమే ఆదివారం క్లాసు పెట్టాలని నిర్ణయించుకున్నాను.

ఇప్పుడు విశాఖలో ఉద్యోగం. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఊరికి వచ్చి మా వీధి చివర ఒకరింటి అరుగు మీద ఆరుగురు పిల్లలకు ఉచితంగా నేర్పుతున్నాను. వయొలిన్లు మూడే. ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు తాళం వేస్తూ వింటారు. మొదట లోటనుకున్నాను గానీ, వింటూ కూర్చున్న పిల్లలకే చెవి తొందరగా తెలుస్తోంది. ఇళ్లలో వాడకుండా అటక మీద పడున్న హాఫ్ సైజు వయొలిన్లుంటే మీ ఊళ్లో నేర్పేవాళ్లకు ఇవ్వండి. తీగలు మారిస్తే చాలు, పనికొస్తాయి.

మా పిల్లల్లో ఒకమ్మాయి వచ్చి నాలుగు నెలలైంది. వాళ్లమ్మ ఇళ్లలో పని చేస్తుంది. పోయిన వారం నేను అలంకారం (తాళాలకు కట్టిన స్వరాల పాఠం) వాయించి చూపిస్తుంటే తాళం ఆపేసి, "అక్కా, పంచమం దిగింది" అంది. పంచమ స్వరం పలికే తీగ మీటి చూశాను. శ్రుతి వెంట్రుకవాసి దిగింది. బిరడా తనకే ఇచ్చి తిప్పమన్నాను.