గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి, రాత్రి క్యాజువాలిటీ: అయిదుకు రెండు

ఆసుపత్రి పేరు రాయవద్దని బావ అన్నాడు, రాయడం లేదు. ఇచ్చిన రెండు నక్షత్రాలూ నర్సులవే. తక్కినవారికి ఇవ్వడానికి మనసొప్పలేదు.

అక్కకు 48 ఏళ్ళు, చాలాకాలంగా షుగరు ఉంది. మూత్రంలో మంటగా ఉందని మాత్రలు వేసుకుంటోంది. గురువారం సాయంత్రం పళ్ళు టకటకలాడేంత వణుకుతో జ్వరం వచ్చింది. మాట తడబడటం చూసి వెంటనే కారెక్కించాం.

క్యాజువాలిటీ చూడముచ్చటగానే ఉంది. ఏసీ, ఉతికిన దుప్పట్లు, గోడకు టీవీ. స్ట్రెచర్ ఆలస్యం కాలేదు. అడ్వాన్సు కట్టమనడం అంతకన్నా ముందే జరిగిపోయింది.

నర్సు చేతిగడియారం చూస్తూ అక్క ఊపిరిని నిమిషంపాటు లెక్కపెట్టింది. పెద్ద పెద్ద ఆసుపత్రుల్లోనూ ఆ పని అందాజుగా కానిచ్చేస్తారు. ఈ అమ్మాయి నిజంగానే లెక్కపెట్టి, రాసి, "సార్, ఒకసారి చూడండి" అని డ్యూటీ డాక్టరును రెండుసార్లు పిలిచింది. ఆయన వచ్చి, "సీజన్ జ్వరమమ్మా, సెలైన్ పెట్టండి, తగ్గిపోతుంది" అని వెళ్ళిపోయాడు. "కాళ్ళు చల్లబడుతున్నాయిరా" అంది అక్క. ఒళ్ళు కాలిపోతుంటే పాదాలు మాత్రం చన్నీళ్ళలోంచి తీసినట్టున్నాయి.

కేస్ షీటు నా దగ్గర ఉంది. రాత్రి 7.40: బీపీ 88/50, శ్వాస 28, మాట తడబాటు. ఇన్‌ఫెక్షన్ ఉన్న మనిషికి పై బీపీ 100 లేదా అంతకన్నా తక్కువ, శ్వాస నిమిషానికి 22 లేదా అంతకన్నా ఎక్కువ, స్పృహలో తేడా, ఈ మూడింటిలో రెండు కనిపిస్తే ప్రమాదమని 2016 నుంచీ వైద్యులకు తెలిసిన గుర్తులే. అక్కకు మూడూ ఉన్నాయి. ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడాన్ని సెప్సిస్ అంటారు, అందులో బీపీ కూడా పడిపోతే సెప్టిక్ షాక్. అలా అనిపిస్తే గంటలోపు యాంటీబయాటిక్ పడాలని 2021 నాటి అంతర్జాతీయ సూచనలు చెబుతున్నాయి. షీటులో మొదటి డోసు వేళ 11.55. బీపీ అలా పడిపోయినప్పుడు మొదటి మూడు గంటల్లో కిలో బరువుకు కనీసం 30 మిల్లీలీటర్ల చొప్పున సెలైన్ ఎక్కించాలంటారు. 60 కిలోల అక్కకు అది 1.8 లీటర్లు. ఎక్కింది అర లీటరు సీసా ఒక్కటి. రక్తం కల్చర్‌కు, అంటే ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్షకు, పంపింది ఐసీయూకు మార్చాకే.

ఐసీయూ డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, ఇన్‌ఫెక్షన్ మూత్రం నుంచి రక్తంలోకి పాకిందని, అవయవాలు ఒక్కొక్కటే దెబ్బతింటున్నాయని దాచకుండా చెప్పాడు. ఆయన మీద నాకు కోపం లేదు. శుక్రవారం మధ్యాహ్నం అక్క పోయింది. మందు ముందే పడి ఉంటే కచ్చితంగా బతికేదని నేను అనను. ఆ నాలుగు గంటలు మాత్రం ఆమెకు దక్కలేదు.

రికార్డుల గదిలో గుమాస్తా "కోర్టుకా?" అని అడిగాడు. కాదన్నా నాన్చాడు. అడిగిన 72 గంటల్లో రోగి రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది. ఆ మాట రాతపూర్వకంగా ఇచ్చాక నకళ్ళు కదిలాయి. మీరూ నోటితో అడిగి ఊరుకోకండి, అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోండి.

తర్వాత యాజమాన్యం ఫోను చేసి బిల్లులో కొంత తగ్గిస్తామంది. బావ వద్దన్నాడు. మేము అడిగింది వేరు. లండన్‌లో మార్తా మిల్స్ అనే 13 ఏళ్ళ అమ్మాయి 2021లో సెప్సిస్‌తో పోయాక, రోగి పరిస్థితి దిగజారుతోందనిపిస్తే ఇంటివాళ్ళే నేరుగా మరో వైద్య బృందాన్ని పిలిపించే ఏర్పాటు ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో 2024 నుంచి మొదలైంది. ఇక్కడ అంత పెద్ద ఏర్పాటు కాకపోయినా, డ్యూటీ డాక్టరు పట్టించుకోకపోతే ఆ నర్సు గానీ మేము గానీ పైడాక్టరుకు చేయగలిగే ఫోను నంబరు ఒకటి ప్రతి మంచం దగ్గరా రాసిపెట్టమన్నాం. చూస్తామన్నారు. అది పెట్టిన రోజున మూడో నక్షత్రం కలుపుతాను.