మెట్టెల కాళ్ళకి ఐదువేళ్ళ సాక్సులు, చాన్నాళ్ళు వాడాక

ఒక్కో వేలికీ ఒక్కో గొట్టం ఉండే సాక్సులండి, చేతి గ్లోవ్స్ లాంటివి. కొత్తలో కనపడ్డవాళ్ళందరికీ కొనమని చెప్పాను, ఇప్పుడూ చెప్తాను గానీ కాస్త ఆగి ఆగి.

నచ్చడానికి కారణం వేళ్ళ సందులే. మన కోనసీమలో శ్రావణం వచ్చిందంటే తెల్లారకుండా కాలవగట్టు మీద నడిచినా ఉక్కకి కాళ్ళు షూలో నానిపోతాయి, కాటన్ సాక్సయితే చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, ఇంటికొచ్చి తీస్తే చిటికెనవేలి సందులో తోలు తెల్లగా ఉబ్బి దురద, ఆనక పగిలి మంట. ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గేది, మళ్ళీ వచ్చేది. వీటితో వేలికీ వేలికీ మధ్య గుడ్డ అడ్డం ఉంటుంది కాబట్టి ఒరుసుకోవు, ఆ వానాకాలం ట్యూబు మూత తియ్యలేదు. నేననుకోని లాభం ఇంకోటి, మెట్టె. మామూలు సాక్స్ వేళ్ళన్నీ కలిపి నొక్కేసరికి మెట్టె బొటనవేలికి గుచ్చుకుని కందిపోయేది, తీసి నడుద్దామంటే మా అత్తగారు ఊరుకోరు. ఆ బాధ పోయింది.

అసలు సంగతి వాడపల్లి వెంకన్న గుడి దగ్గర తెలిసింది. ఏడు శనివారాల మొక్కుకి నేనూ మా తోటికోడలూ రావులపాలెం నుంచి నడిచి వెళ్ళేవాళ్ళం. వెళ్ళేటప్పుడు హాయి. ప్రదక్షిణలు చేసి వచ్చేసరికి కడిగిన నేల మీద తిరిగి పాదాలు తడి. మామూలు సాక్సయితే తడి కాలికైనా లాగేస్తాం, వీటికి కుదరదే! ఒక్కో వేలూ పట్టి దూరుస్తుంటే చిటికెనవేలు పక్క గొట్టంలోకి పోతుంది, దాన్ని సర్దేలోపు ఇంకోటి బయటికొస్తుంది, “దర్శనం క్యూ కన్నా నీ సాక్సులకే ఎక్కువసేపు పట్టిందక్కా” అని ఆవిడ ఒకటే నవ్వు. కాస్త గట్టిగా లాగేసరికి మెట్టె అంచుకి దారం తగులుకుని పుటుక్కుమంది, రెండో వేలు బయటికి. తిరుగు నడకలో ఆ చిల్లు అంచు వేలి మొదట్లో బిగుసుకుని బొబ్బెక్కింది.

ఇప్పుడు మెట్టె మీద పేపర్ టేపు చుట్టి, సంచిలో చిన్న తువ్వాలు పెట్టుకుంటున్నాను. షూ కూడా కాస్త వదులుది కావాలి, లేకపోతే వేళ్ళు ఇరుకైపోతాయి. ముసురు పట్టినప్పుడు ఆ గొట్టాల కొసలు ఓ పట్టాన ఆరవు, తిరగేసి ఫ్యాన్ కింద వెయ్యాల్సిందే. ఉన్ని అంటే ఇక్కడ ఉడికిపోతామని భయపడతారు గానీ పలచటి మెరినో (మెరినో గొర్రెల సన్నటి ఉన్ని) తన బరువులో 30 శాతం దాకా తేమ లాక్కున్నా ఒంటికి తడి తెలియదు, వాసన కూడా తక్కువే. నావి మెరినో, నైలాన్ కలిపినవి.

మా అత్తగారికి షుగరు, కాలికి స్పర్శ తక్కువ, ఆవిడకి మాత్రం ఇవి ఇవ్వలేదు, కుట్టు తగలని వదులు సాక్సులే. వేళ్ళు ఒకదానిమీదొకటి ఎక్కినవాళ్ళకి కూడా నప్పకపోవచ్చు. నేనైతే ఎండాకాలం మామూలువే వేసుకుని, వానలు పడ్డాక ఇవి తీస్తున్నాను, అదీ గుడికి వెళ్ళని రోజుల్లో.