వీణకు బీమా చేయించినవారు ప్రపోజల్ ఫారంలో (బీమా దరఖాస్తులో) "వృత్తి" అన్న గడి ఒకసారి చూసుకోండి

విరిగిన నా వీణకు క్లెయిమ్ వర్తించదనిపించుకుని నిన్న మధ్యాహ్నం బీమా కంపెనీ శాఖ కార్యాలయం నుంచి ఇంటికి వచ్చాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. కోపం చల్లారాక నెమ్మదిగా రాయవచ్చని మా వారు అన్నారు గానీ, ఈలోగా మన సంగీత కళాకారుల్లో మరొకరు ఇదే పాలసీకి డబ్బు కట్టేస్తారేమోనన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను. విజయవాడ, గుంటూరు, ఏలూరు సభల్లో కచేరీ అయ్యాక కళాకారులను పలకరించి, శ్రుతిపెట్టె నుంచి వయొలిన్ దాకా అన్నింటికీ పాలసీలు కట్టించే ఏజెంటు మీలో చాలామందికి తెలిసినవారే. ఆయన పేరు గానీ, కంపెనీ పేరు గానీ ఇక్కడ రాయను. ఫిర్యాదు నడుస్తున్నది కనుక రాయకూడదు కూడా.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. గత నెలలో రాజమహేంద్రవరంలో కచేరీ ముగించుకుని దిగుతుండగా, వీణపెట్టె మోస్తున్న కార్యకర్త వేదిక మెట్ల మీద కాలు జారి పడ్డాడు. ఆ అబ్బాయికి పెద్ద దెబ్బ తగలలేదు, అంతవరకు అదృష్టం. పెట్టె మాత్రం ఆరు మెట్లు దొర్లింది. తెరిచి చూస్తే వీణ కుండ (గుండ్రటి అడుగు భాగం) నుంచి దండి (పొడుగాటి మెడ) మొదలయ్యే చోట నిలువునా బీట వారింది. తీగల కింద స్వరస్థానాలకు అమర్చే లోహపు మెట్లలో తొమ్మిది మైనంతో సహా పెళ్లలుగా లేచి వచ్చాయి. అది 1998లో మా నాన్నగారు బొబ్బిలి పక్కన గొల్లపల్లికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లి చేయించిన ఏకాండి వీణ. దాని మీదే నేను ఆకాశవాణి ఆడిషన్ ఇచ్చాను, దాని మీదే 22 ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను.

పాలసీ తీసుకుని మూడేళ్లయింది. వీణకు 90,000 రూపాయలు, కాంటాక్ట్ మైకు, చిన్న ఆంప్లిఫయర్, పెట్టె కలిపి 35,000 రూపాయలు, మొత్తం 1,25,000 రూపాయలకు బీమా. ప్రీమియం ఒక్క ఏడాది కూడా ఆలస్యం చేయలేదు. ప్రమాదం జరిగిన రాత్రే ఫోన్ చేశాను, ఫోటోలు పంపాను, వాళ్లు చెప్పేవరకు మరమ్మతు చేయించకుండా వీణను అలాగే ఉంచాను.

నష్టం చూసేందుకు కంపెనీ తరఫున సర్వేయరు వచ్చి పావుగంట చూసి వెళ్లారు. ఆయన నివేదికలో రెండు మాటలున్నాయి. కుండకూ దండికీ మధ్య అతుకు కాలక్రమంలో వదులై విడిపోయిందని, అది సహజమైన అరుగుదల అని మొదటి మాట. మైనం మెత్తబడి మెట్లు కదలడం వాతావరణ ప్రభావం అని రెండవ మాట. ఏకాండి వీణ అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒకే పనస దుంగ నుంచి కుండను, దండిని, యాళి ముఖాన్ని తొలిచి తీస్తారు కాబట్టే దానికి ఆ పేరు వచ్చింది. లేని అతుకు ఎలా విడిపోతుంది? మైనం సంగతీ అంతే. ఎండకు మైనం కరిగితే మెట్లు పక్కకు ఒరుగుతాయి, శ్రుతి తప్పుతుంది. పెళ్లలుగా విరిగి లేచి రావు. బొగ్గుపొడి కలిపిన మైనం మీద ఇరవైనాలుగు మెట్లు కూర్చి మేళం కట్టడం ఒక్కసారైనా చూసినవారు ఆ వాక్యం రాయలేరు. ఇదే విషయం రెండు పేజీల్లో వివరంగా రాసి, గొల్లపల్లి కళాకారుడు ఇచ్చిన 38,000 రూపాయల అంచనా పత్రం జతచేసి, నిన్న స్వయంగా శాఖ కార్యాలయానికి తీసుకువెళ్లాను.

అక్కడి అధికారి నా కాగితాలు చదవలేదు, పక్కన పెట్టారు. "మేడమ్, ఆ రోజు కచేరీకి మీరు డబ్బు తీసుకున్నారా?" అని అడిగారు. తీసుకున్నానని, 6,000 రూపాయలు ఇచ్చారని చెప్పాను. దాచవలసిన విషయమని నాకు తోచలేదు. ఆయన వెంటనే కంప్యూటర్ తెర నా వైపు తిప్పారు. అందులో నా ప్రపోజల్ ఫారం ఉంది. వృత్తి అన్న గడిలో "గృహిణి" అని, వాద్యం దేనికి వాడతారన్న చోట "ఇంట్లో, వ్యక్తిగతంగా" అని, అడుగున నా సంతకం. రాత నాది కాదు, సంతకం నాదే. "ఇది ఇంటి వాడకానికి ఇచ్చిన పాలసీ. మీరేమో డబ్బుకు వాయించారు. అంటే వృత్తి కింద వాడినట్టే కదా. అసలు క్లెయిమ్ వర్తించదు" అన్నారు.

ఆ ఫారం నింపింది మీ ఏజెంటేనని, ఆయన నన్ను కలిసిందే నా కచేరీ అయ్యాక వేదిక వెనుక అని, నేను వీణ కళాకారిణినని తెలిసే పాలసీ కట్టించారని చెప్పాను. అప్పుడు ఆ అధికారి, పక్క బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరూ వినేలా, "వీణ వాయించుకోవడం కూడా ఒక వృత్తేనా మేడమ్? అందుకే ఆయన గృహిణి అని రాసి ఉంటారు" అన్నారు.

వృత్తి అని రాయవలసిన చోట వీణ వృత్తి కాదు. డబ్బు ఇవ్వవలసిన చోట మాత్రం అదే వీణ వృత్తి. ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోట, అయిదు నిమిషాల వ్యవధిలో వచ్చాయి. ఆ మాట అడుగుదామంటే నాకు గొంతు పెగల్లేదు. కాగితాలు తీసుకుని బయటకు వచ్చి, మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను. సొమ్ము పోయినందుకు కాదు. నా చదువు, నా సాధన, నాన్నగారు జీతంలో నుంచి నెలనెలా తీసిపెట్టి చేయించిన ఆ వీణ, ఇన్నేళ్లుగా మా ఇంట్లో బియ్యం కొంటున్న ఆ సంపాదన, ఏదీ లెక్కలోకి రాదన్నట్టు ఆ మనిషి నవ్వుతూ చెప్పడం భరించలేకపోయాను. గృహిణి అన్న మాటలో తక్కువతనం ఏమీ లేదు, మా అమ్మ గృహిణే. నేను కానిదాన్ని నా సంతకం పైన రాసి, దాన్నే నా మీద సాక్ష్యంగా చూపించడమే నా బాధ.

తప్పు నాది కూడా ఉంది, దాన్ని దాచను. ఆ రోజు ఏజెంటు పెన్సిల్‌తో గుర్తుపెట్టిన మూడు చోట్ల సంతకం పెట్టి ఇచ్చేశాను. "మిగతాది నేను నింపుకుంటానమ్మా, మీరు అలసిపోయి ఉంటారు" అన్నారు, నేను సంతోషించాను. శిష్యులు ఒక్క స్వరం తప్పితే మళ్లీ మొదటి నుంచి వాయించమనే నేను, నా పేరు మీద వెళ్లే కాగితం చదవలేదు. పాలసీ పత్రం ఇంటికి వచ్చాక కూడా తొలి పేజీలో మొత్తం ఎంతో చూసి బీరువాలో పెట్టాను. వృత్తిపరమైన వాడకం వర్తించదన్న వాక్యం నాలుగో పేజీలో ఉంది. మూడేళ్లు అది నా బీరువాలోనే ఉంది. అయినా, బీమా ఒప్పందం అత్యంత సద్విశ్వాసం మీద నడుస్తుందని చట్టం చెప్పేది ఒక్క పాలసీదారుకే కాదు, కంపెనీకీ వర్తిస్తుంది. తమ ఏజెంటే తెలిసి తెలిసి గడి తప్పుగా నింపితే, నా ప్రీమియం మూడేళ్లు తీసుకుని, నాలుగో ఏట అదే గడి చూపించడం సద్విశ్వాసం కాదు.

కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈ ఉదయమే రాతపూర్వకంగా పంపాను. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విచారించి పరిష్కరించే అధికారి) దగ్గరకు వెళతాను. దానికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు. కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి ఏడాది లోపు వెళ్లాలి. బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో కూడా నమోదు చేశాను. 155255 నంబరుకు ఫోన్ చేసినా ఫిర్యాదు తీసుకుంటారు.

మీకు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి, తోచిన వరుసలో రాస్తున్నాను. వృత్తి గడిలో "సంగీత కళాకారుడు" లేదా "సంగీత ఉపాధ్యాయురాలు" అని మీ చేత్తో మీరే రాయండి. డబ్బు తీసుకుని చేసే కచేరీలు, ప్రయాణం, వేదిక మీద జరిగే ప్రమాదం వర్తిస్తాయని పాలసీలోనే రాతపూర్వకంగా ఉండాలి, ఏజెంటు నోటిమాట చాలదు. తీగలు తెగడం, పురుగు పట్టడం, తేమకు చెక్క వంగడం వంటివి చాలా పాలసీల్లో వర్తించవు. మనుషులు లేని కారులో నుంచి వాద్యం పోతే ఏ షరతుల మీద ఇస్తారో ముందే అడగండి. విలువ తగ్గించి రాయించకండి. లక్ష రూపాయల వాద్యానికి 50,000 రూపాయలకే బీమా చేసి, 40,000 రూపాయల నష్టం జరిగితే, బీమా చేసిన వంతు మేరకే నష్టం ఇచ్చే నిష్పత్తి నిబంధన ఉన్న పాలసీలో మీకు వచ్చేది 20,000 రూపాయలే. పాత వాద్యాలకు తరుగుదల లెక్కగట్టకుండా ముందే ఒప్పుకున్న విలువ ఇస్తారేమో కనుక్కోండి. తయారుచేసినవారి చేత, వాద్యం ఏ చెక్కతో, ఎన్ని ముక్కలతో చేశారో రాసిన విలువపత్రం తీసుకోండి. అది నా దగ్గర ముందే ఉండి ఉంటే ఆ అతుకు మాట సర్వేయరు రాయగలిగేవారు కాదు. సర్వేయరు నివేదిక నకలు అడిగి తీసుకోండి.

ఆ ఏజెంటు దగ్గర పాలసీ తీసుకున్నవారు ఈ రాత్రే మీ ప్రపోజల్ ఫారం తీసి చూడండి. నకలు మీ దగ్గర లేకపోతే కంపెనీని అడగండి, అది పాలసీదారుకు ఉచితంగా ఇవ్వవలసినదే. ఏజెంటు నన్ను కలిసిన ఆ సభలోనే నాతోపాటు పాలసీ కట్టిన మృదంగ విద్వాంసుడు ఈ ఉదయం ఫోన్ చేశారు. ఆయన ఫారంలో వృత్తి అన్న గడి ఎదురుగా "ప్రైవేటు ఉద్యోగి" అని ఉంది.