మిల్లు సామాన్ల కొట్టులో మా రోబోకు దొరికిన సిలిండర్

న్యూమాటిక్ సామాను, అంటే గాలి ఒత్తిడితో పనిచేసేవి, కావాలంటే నల్లగొండ నుంచి హైదరాబాద్ రాణిగంజ్ దాకా పోవాల్సిందే అనుకునేవాళ్లం. మిర్యాలగూడలో రైస్ మిల్లుల స్పేర్ పార్టులు అమ్మే ఈ కొట్టులో అడిగితే 25 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం), 100 మిల్లీమీటర్ల స్ట్రోకు (రాడ్డు కదిలే దూరం) ఉన్న సిలిండర్ తీసి బల్ల మీద పెట్టాడు కొట్టు అన్న. పాతదే, 450 రూపాయలు. "రోబోకా తమ్మీ? మొన్నటిదాకా బియ్యం బస్తా మూతి పట్టుకున్నదిది" అని నవ్వాడు.

6 బార్ గాలి ఒత్తిడి దగ్గర లెక్క వేస్తే దాదాపు 30 కిలోల తోపు వస్తుంది. మేం దిగే కాలేజీల రోబో పోటీ రోబోకాన్‌లో 6 బార్‌కు మించి ఒత్తిడి పెట్టనివ్వరు, కాబట్టి మాకు చాలు. వెనక్కి లాగేటప్పుడు మాత్రం పిస్టన్ మీద కొంత జాగా రాడ్డు తినేస్తుంది, బలం తగ్గుతుంది. ఈ సంగతి మాకు చెప్పింది ఆయనే. క్లాసులో విన్నట్టు గుర్తులేదు మరి!

చిరాకు పెట్టింది గాలి గొట్టాలు బిగించే ఫిట్టింగులు. ఆరింటిలో రెండు లీకు. సబ్బు నీళ్లు పూస్తే బుడగలే బుడగలు, రాత్రంతా టెన్షన్. మార్చి ఇచ్చాడు గానీ బస్సు ఖర్చు మాదే. సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతో గాలిని వదిలి, ఆపేది) కొనే ముందు వోల్టేజీ అడగండి. అక్కడున్నవన్నీ 24 వోల్టులవి, మా బ్యాటరీ 12.