ప్రైవేటు విశ్వవిద్యాలయంలో పీజీ: ఫీజు కట్టి చదవడమా, స్టైపెండు తీసుకుని చదవడమా? ఏది మేలు?

ఒకే గ్రంథాలయంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు విద్యార్థులను అడిగి చూడండి. ఒకరు అప్పు చేసి మాస్టర్స్‌లో చేరారు. ఇంకొకరు పీహెచ్‌డీ చేస్తూ నెలనెలా స్టైపెండు తీసుకుంటున్నారు. ఇద్దరి మాటలూ విన్నాక వాళ్లు చదివేది ఒకే ప్రైవేటు విశ్వవిద్యాలయంలోనని నమ్మడం కష్టం. మొదటివారు ప్రతి కోర్సునూ కట్టిన ఫీజుతో బేరీజు వేస్తారు. రెండోవారికి ఆ ఫీజు ఎంతో కూడా సరిగ్గా తెలియదు, గైడు ముఖంలో రంగు ఎలా ఉందో మాత్రం బాగా తెలుసు. అందుకే ‘ప్రైవేటు మంచిదా, ప్రభుత్వానిది మంచిదా’ అని ఎవరైనా అడిగితే, డబ్బు మీరు కడుతున్నారా, మీకు ఇస్తున్నారా అని ముందు నేనే తిరిగి అడుగుతాను.

మాస్టర్స్ సంగతి తొందరగా తేల్చవచ్చు. ప్రైవేటు విశ్వవిద్యాలయానికి ఉన్న బలం వేగం. కొత్త కోర్సు పెట్టాలన్నా, పాతది తీసేయాలన్నా అక్కడ అడగవలసిన వాళ్లు తక్కువ. ఉద్యోగాల విభాగం చురుగ్గా ఉంటుంది, పూర్వ విద్యార్థులతో పరిచయాలు కుదురుతాయి. అయితే రెండేళ్లలోపు ముగిసే చదువులో మొదటి సెమిస్టరు ఊరు అలవాటు కావడానికి, చివరిది ఉద్యోగ వేటకు పోతుంది. నిజంగా చదువుకునేది ఆ మధ్య కాలంలోనే. ఆచార్యుల సమయంలో పెద్ద వాటా పీహెచ్‌డీ విద్యార్థులది, మాస్టర్స్ వాళ్లకు దక్కేది మిగిలినది. ఆచార్యుల నిర్లక్ష్యం అని నేను అనను. ఐదారేళ్లు తమతో పనిచేసే మనిషినీ, వచ్చే ఏడాది వెళ్లిపోయే మనిషినీ ఎవరూ ఒకేలా చూడరు.

అలాగని ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఎప్పుడూ చవక అనుకోవడమూ పొరపాటే. అమెరికాలో రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఆ రాష్ట్రవాసులకు ఒక ఫీజు, బయటివాళ్లకు అంతకంటే ఎక్కువ ఫీజు పెడతాయి. ప్రైవేటులో సాధారణంగా ఎక్కడివాళ్లకైనా ఒకటే రేటు. బయటినుంచి వచ్చినవారికి ఆ రెంటి మధ్య తేడా తగ్గిపోతుంది, స్థానికులకు చాలా పెద్దది. కాబట్టి స్నేహితుడి లెక్క మీకు పనికిరాదు, మీ లెక్క మీరే వేసుకోవాలి.

పీహెచ్‌డీకి వస్తే కథ మారుతుంది. అమెరికాలో మొదటి పీహెచ్‌డీలు ఇచ్చింది 1861లో యేల్, ప్రైవేటు సంస్థే. 1876లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ జర్మన్ పరిశోధన విశ్వవిద్యాలయాల పద్ధతిని ఆదర్శంగా తీసుకుని, మొదటినుంచే ఏడాదికి 500 డాలర్ల చొప్పున ఫెలోషిప్పులు ఇచ్చింది. పరిశోధన విద్యార్థినుంచి ఫీజు తీసుకోవడం కాదు, అతనికే డబ్బివ్వాలన్న ఆలోచన అక్కడ బలపడింది. ఆ వారసత్వం ఇప్పటికీ కనిపిస్తుంది. నిధులు దండిగా ఉన్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది, థీసిస్ రాసే చివరి ఏడాది పాఠాలు చెప్పే పని లేకుండా ఫెలోషిప్ దొరకడం మామూలే. పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ తరగతులు వందలమందితో నడుస్తాయి. ఆ జవాబుపత్రాలు దిద్దడానికి మనుషులు కావాలి, ఆ మనుషులు పీహెచ్‌డీ విద్యార్థులే. పని ఎక్కువే, కానీ అలా నాలుగేళ్లు తరగతి నడిపినవారు అధ్యాపక ఉద్యోగానికి వెళ్లినప్పుడు తడబడరు.

ఆ డబ్బు ఎవరిది అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయం. పీజీ, పరిశోధన మాత్రమే ఉండే సంస్థగా 1889లో తెరుచుకుంది. పెట్టుబడి జోనాస్ క్లార్క్ అనే వ్యాపారిది. ఆయన చేయి బిగించేసరికి ఆచార్యులలో అసంతృప్తి పెరిగింది. 1892లో కొత్తగా తెరుచుకుంటున్న షికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ వచ్చి వారిలో చాలామందిని తీసుకుపోయాడు. అలా వెళ్లినవారిలో భౌతిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ మైకెల్‌సన్ ఒకరు, ఆయనకే 1907లో నోబెల్ వచ్చింది. చరిత్రలో ఇది షికాగో విజయంగా నమోదైంది. ఆ ఏడాది క్లార్క్‌లో థీసిస్ సగంలో ఉన్న విద్యార్థి వైపునుంచి ఎవరూ రాసినట్టు లేదు!

నా కథా అదే, నోబెల్ ఒక్కటే తక్కువ. నేను చదివిన ప్రైవేటు విశ్వవిద్యాలయంలో మా శాఖ చాలా చిన్నది. రెండో ఏడాది చివర మా గైడు మంచి అవకాశం వచ్చి వేరే చోటికి వెళ్లిపోయారు. ఆ విషయం మీద పనిచేసే మరో ఆచార్యులు శాఖలో లేరు. స్టైపెండు ఒక్క నెల కూడా ఆగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అంశం మార్చుకుని మళ్లీ మొదలుపెట్టేసరికి ఏడాది గడిచిపోయింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరిన నా మిత్రుడికీ గైడు మారారు. అతని శాఖలో అదే రంగంలో ముగ్గురు ఉండటంతో పక్క గదికి వెళ్లినంత సులువుగా అయిపోయింది. అతని కష్టం వేరే: బడ్జెట్ కోత పడిన ఏడాది వేసవి స్టైపెండు రాలేదు. ప్రైవేటు దాత మనసు మీద నడిస్తే, ప్రభుత్వం వారిది శాసనసభ మనసు మీద నడుస్తుంది.

హక్కుల విషయంలోనూ తేడా ఉంది, చాలామంది దీన్ని చేరాకే తెలుసుకుంటారు. అమెరికాలో ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో పనిచేసే పీజీ విద్యార్థులు ఉద్యోగులా కాదా, అంటే సంఘం పెట్టుకుని బేరమాడే హక్కు వారికి ఉందా లేదా అన్నది జాతీయ కార్మిక సంబంధాల బోర్డు తేల్చే విషయం. 2000లో అవునంది, 2004లో కాదంది, 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం కేసులో మళ్లీ అవునంది. బోర్డు సభ్యులు మారితే మాట మారుతుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అది ఆయా రాష్ట్రాల చట్టం ప్రకారం నడుస్తుంది. 2022 నవంబరులో ప్రభుత్వ సంస్థ అయిన యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రాంగణాలన్నిటిలో కలిపి సుమారు 48 వేలమంది సమ్మెకు దిగారు, వారిలో పెద్ద భాగం పీజీ విద్యార్థులే. అంత సంఖ్యాబలం ఏ ఒక్క ప్రైవేటు ప్రాంగణంలోనూ కూడగట్టలేరు.

ప్రైవేటు అంటే పరిశోధనలో ముందుంటుందన్న నమ్మకం కూడా అమెరికా సరిహద్దు దాటితే నిలవదు. జపాన్‌లో కెయియో, వసేదా వంటి పేరున్న ప్రైవేటు సంస్థలు ఉన్నాయి. డిగ్రీ విద్యార్థుల్లో అత్యధికులు చదివేది ప్రైవేటులోనే. పరిశోధన చదువులు మాత్రం ఎక్కువగా జాతీయ విశ్వవిద్యాలయాల్లోనే సాగుతాయి.

ఇక నా తీర్పు. అప్పు చేసి మాస్టర్స్ చేసేవారు, అదే కోర్సు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో దొరుకుతుంటే అటే వెళ్లడం మేలు. ప్రైవేటులో ఆ రంగానికే ప్రత్యేకమైన కోర్సో, గట్టి ఉపకార వేతనమో ఉంటే తప్ప పేరు కోసం అంత భారం తలకెత్తుకోవద్దు. పీహెచ్‌డీకైతే, ఐదేళ్ల స్టైపెండు రాతపూర్వకంగా ఇచ్చే ప్రైవేటు విశ్వవిద్యాలయానికే నా ఓటు. షరతు ఒక్కటే: మీ అంశంపై పనిచేసేవారు అక్కడ కనీసం ఇద్దరు ఉండాలి.

చేరేముందు విద్యార్థులతో మాట్లాడమని అందరూ చెబుతారు. ఎవరితో అన్నది ముఖ్యం. పరిచయ కార్యక్రమంలో మీ ముందుకు తెచ్చేది బాగున్నవారినే. మొదటి ఏడాదివారికి ఇంకా అన్నీ ముద్దుగానే ఉంటాయి. మూడో, నాలుగో ఏడాదిలో ఉన్నవారిని, వీలైతే మధ్యలో మానేసినవారిని, గైడు లేని చోట కలవండి. ‘ఇక్కడ ఎలా ఉంది’ అని అడిగితే బాగానే ఉందంటారు. మీరు ఇచ్చిన చివరి అధ్యాయం చదివి గైడు ఎన్ని రోజులకు తిరిగి ఇచ్చారో అడగండి.