హనుమకొండలో ఫుదింగ్ తెల్ల తేయాకు: రెండు రకాలు, మూడు రకాల నీళ్లు

చైనాలోని ఫుజియాన్ రాష్ట్రం, ఫుదింగ్ ప్రాంతంలో తయారైన తెల్ల తేయాకు రెండు రకాలను ఈ వేసవిలో ఒక దిగుమతి సంస్థ ద్వారా తెప్పించుకున్నాను. బైహావ్ యిన్‌జెన్ 50 గ్రాములు 1,600 రూపాయలు, బై ముదాన్ అంతే తూకం 750 రూపాయలు. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో నేను ఎరిగిన చాయ్‌పత్తి దుకాణాల్లో ఈ సరుకు ఉండదు. అక్కడ అమ్ముడుపోయేది పాలతో మరిగించడానికి పనికొచ్చే అస్సాం పొడి, కాబట్టి వారిని తప్పుపట్టడానికి లేదు. వచ్చిన రెండు రకాలూ మేలైనవే. అయినా మన ఊళ్లో, మన నీళ్లతో కాచుకునేవారికి డబ్బుకు తగిన ఫలితం ఇచ్చేది చవకైన రెండోదేనని, ఏది కొన్నా రుచిని చివరికి తేల్చేది నీళ్లేనని నా అభిప్రాయం.

ఈ తేయాకు గురించి ముందుగా ఒక విషయం తెలిస్తే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది. ఆకుపచ్చ తేయాకు, మనం రోజూ తాగే నల్ల తేయాకు, ఈ తెల్ల తేయాకు అన్నీ ఒకే జాతి మొక్క నుంచి వస్తాయి. తేడా అంతా కోసిన తరువాత ఆకుకు చేసే పనిలోనే ఉంది. చైనాలో ఆకుపచ్చ తేయాకును ఎక్కువగా పెనంలో వేయించి, లోపలి ఎంజైములు పనిచేయకుండా ఆపేస్తారు. నల్ల తేయాకును నలిపి, చిదిపి, గాలి తగిలి బాగా రంగు మారేదాకా ఉంచుతారు. తెల్ల తేయాకుకు వేయించడమూ లేదు, నలపడమూ లేదు. వసంతంలో కోసిన చిగుళ్లను వెదురు తట్టల మీద పల్చగా పరిచి, ఎండలోనో గాలి ఆడే గదుల్లోనో రెండు మూడు రోజులు వాడనిచ్చి, తరువాత తక్కువ వేడి మీద ఆరబెడతారు. పని తక్కువగా కనిపిస్తుంది గానీ, చిగుళ్లు వాడిపోయే సమయంలో గాలిలో తేమ కాస్త పెరిగినా ఆకు నల్లబడుతుంది కాబట్టి అనుభవం ఉన్నవారే చేయగలరు. 2022లో యునెస్కో చైనా సంప్రదాయ తేయాకు తయారీ విధానాలను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, వాటిలో ఫుదింగ్ తెల్ల తేయాకు తయారీ కూడా ఉంది.

యిన్‌జెన్‌లో మొగ్గలు తప్ప ఆకు ఉండదు. నాకు వచ్చిన పొట్లంలోని మొగ్గలు బొద్దుగా, ఒకే పొడవులో, సన్నని తెల్లని నూగుతో మెరుస్తున్నాయి; విరిగిన ముక్కలు గానీ దుమ్ము గానీ అడుగున దాదాపు లేవు. బై ముదాన్‌లో ఒక మొగ్గతో పాటు ఒకటి రెండు లేత ఆకులు ఉంటాయి. ఆకులు పైన బూడిద కలిసిన ఆకుపచ్చగా, కింద నూగుతో తెల్లగా, ఈనెల దగ్గర లేత గోధుమ రంగులో కనిపించాయి. అక్కడక్కడ కొంత విరుగు ఉంది, కానీ ఇంత పెళుసు ఆకు ఇంత దూరం ప్రయాణించి వచ్చాక అంతమాత్రం విరగడం సహజమే.

అసలు చిక్కు పొట్లం మీద అచ్చు వేసిన సూచనతో మొదలవుతుంది. 70 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు నానబెట్టమని రాశారు. ఆ ప్రకారం చేస్తే యిన్‌జెన్ నుంచి లేత పసుపు వేడినీళ్లు తప్ప ఏమీ రావు. ఈ చిగుళ్లను నలపలేదు కాబట్టి వాటి కణాల గోడలు పగలలేదు, లోపలి సారం బయటకు రావడానికి వేడి అయినా కావాలి, సమయమైనా కావాలి. పైనున్న నూగు నీటిని వెంటనే అంటనివ్వదు కాబట్టి మొగ్గలు కొంతసేపు పైన తేలుతూనే ఉంటాయి. చూడటానికి సున్నితంగా ఉంది కదా అని వేడి తగ్గిన నీళ్లతో భయపడుతూ కాచడం చాలామంది అమ్మకందార్లు నేర్పే అలవాటు. వేడికి చేదెక్కేది ఆకుపచ్చ తేయాకు. దానికి చెప్పే జాగ్రత్తనే దీనికీ అంటగట్టారు. ఫుదింగ్‌లో చాలామంది దీన్ని మరిగే నీళ్లతోనే కాస్తారు.

నాకు కుదిరిన కొలత ఇది. మూత ఉన్న 110 మిల్లీలీటర్ల గైవాన్‌లో, అంటే పిడి లేని చిన్న పింగాణీ గిన్నెలో, 4 గ్రాముల యిన్‌జెన్ వేసి, 90 డిగ్రీల నీళ్లను గిన్నె అంచు వెంట నెమ్మదిగా పోసి, సుమారు ఒక నిమిషం ఉంచి వంచుకోవాలి. అదే ఆకు మీద మళ్లీ నీళ్లు పోసే తరువాతి విడతలకు పది, ఇరవై సెకన్ల చొప్పున పెంచుకుంటూ పోతే ఐదారు విడతలు నిలకడగా వస్తాయి. బై ముదాన్‌కు 95 డిగ్రీల నీళ్లు, మొదటి విడతకు అర నిమిషం చాలు, ఎందుకంటే ఆకు భాగం మొగ్గ కంటే త్వరగా సారం ఇస్తుంది. థర్మామీటరు లేనివారు మరిగిన నీళ్లను ఒక చల్లని స్టీలు గిన్నెలోకి వంచి, అక్కడి నుంచి పోసుకుంటే 90కి కాస్త అటూఇటూగా ఉంటుంది. చెంచాతో కొలవడం మాత్రం కుదరదు. బై ముదాన్ ఎంత బోలుగా ఉంటుందంటే 4 గ్రాములకు గుప్పెడు ఆకు వస్తుంది. వెండి తూచడానికి వాడే చిన్న ఎలక్ట్రానిక్ తూకం ఒకటి కొనుక్కుంటే ఈ బాధ ఉండదు.

ఇక నీళ్లు. మూడు రకాల నీళ్లతో ఒకే పొట్లంలోని ఆకును పక్కపక్కన కాచి చూశాను, ఆ తేడా రెండు తేయాకుల మధ్య తేడా కంటే పెద్దది. మా ఇంటి బోరు నీళ్లకు టీడీఎస్ మీటరు, అంటే నీటిలో కరిగిన లవణాలను లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపే పరికరం, 700 దాటి చూపించింది. ఈ నీళ్లతో కాచిన యిన్‌జెన్ ముదురు గోధుమ రంగుకు తిరిగింది, పైన పల్చని తెట్టు కట్టింది, వాసన పూర్తిగా అణగిపోయింది. బండరాళ్ల నేల నుంచి తోడిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేటు ఎక్కువగా ఉంటాయి. బైకార్బొనేటు వల్ల కషాయం క్షారం వైపు మొగ్గి రంగు ముదురుతుంది, తేయాకులో వగరు ఇచ్చే పాలీఫినాళ్లు అనే పదార్థాలు కాల్షియంతో కలిసి ఆ తెట్టు ఏర్పడుతుంది. పాలు, అల్లం, చక్కెర పడిన చాయ్‌లో ఈ లోపాలేవీ నాలుకకు తెలియవు కాబట్టి ఇన్నేళ్లుగా బోరు నీళ్లతో చాయ్ తాగుతూ ఎవరమూ పట్టించుకోలేదు. తెల్ల తేయాకు వాటిని దాచలేదు.

భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువుల నీటిని శుద్ధి చేసి నల్లాల్లో వదిలే నీళ్లు దీని కంటే చాలా మేలు. మా ఇంటికి వచ్చేవి 250 దగ్గర ఉన్నాయి. వాటితో ఇబ్బంది క్లోరిన్ వాసన ఒక్కటే. రాత్రి వెడల్పాటి గిన్నెలో మూత లేకుండా పట్టి ఉంచితే ఉదయానికి చాలావరకు పోతుంది. ఇరవై లీటర్ల డబ్బాల్లో తెచ్చే ఫిల్టర్ నీళ్లు 30 మాత్రమే చూపించాయి. వాటితో కాచినప్పుడు వాసన పైకి తేలికగా లేచింది గానీ, నోట్లో పోసుకుంటే రుచికి బరువు లేదు. మింగాక ఏమీ మిగలలేదు. చివరికి మూడు పాళ్లు ఫిల్టర్ నీళ్లకు ఒక పాలు నల్లా నీళ్లు కలిపి వాడుతున్నాను. మీటరు 85 దగ్గర ఉంటుంది, వాసనా ఉంటుంది, రుచీ నిలుస్తుంది. ఈ తేయాకు మీద వేల రూపాయలు పెట్టే ఆలోచన ఉన్నవారు ముందు రెండు మూడు వందల రూపాయల మీటరు కొనడం మంచిదని నేను గట్టిగా చెబుతాను.

సరైన నీళ్లు పడ్డాక యిన్‌జెన్ నిజంగా అందమైన తేయాకు. మొదటి విడతలో ఎండిన గడ్డి వాసన, దాని వెనుక సన్నని పూల వాసన ఉంటాయి. రెండో విడతకు తీపి బయటపడుతుంది. ఆ తీపి చక్కెర తీపి కాదు. లేత తాటి ముంజె గిల్లితే వేలికి తగిలే నీటి తీపి. వగరు దాదాపు లేదు. మూడు, నాలుగు విడతల్లో కషాయం కాస్త చిక్కబడి, గొంతు దిగాక కూడా తీపి కొంతసేపు నిలుస్తుంది. అయితే ఇదంతా గమనించడానికి నోరు శుభ్రంగా ఉండాలి, పక్కన టీవీ మోగకూడదు, అన్నం తిని రెండు గంటలైనా కావాలి. మధ్యాహ్నం పచ్చిమిర్చి తొక్కుతో తిన్న నోటికి యిన్‌జెన్ వేడినీళ్లే. నేను మొదటి విడత తాగించినప్పుడు మా బావగారు, "చాయ్ ఎప్పుడు ఇస్తవ్?" అని అడిగారు, ఆయన భోజనం అప్పుడే అయింది మరి.

బై ముదాన్‌కు అంత ముహూర్తం చూసుకోవాల్సిన పని లేదు. కషాయం ముదురు పసుపు రంగులో ఉంటుంది, ఆకులు ఉండటం వల్ల వాసనలో పూల వైపు మొగ్గు ఎక్కువ, చివర్లో కొద్దిపాటి వగరు కూడా తగులుతుంది. ఆ వగరు లోపం కాదు, రుచికి అది పట్టు ఇస్తుంది. నీళ్లు కొంచెం అటూఇటూ అయినా ఇది పూర్తిగా చెడిపోదు. ఉత్త నల్లా నీళ్లతో కాచినా తాగేలాగే ఉంది, అదే నీళ్లలో యిన్‌జెన్ సగం పోయింది. సాయంత్రం సకినాలతో కూడా నిలబడగలిగింది ఇదే. గైవాన్ లేకపోతే 3 గ్రాములు ఒక గాజు గ్లాసులో వేసి, వేడినీళ్లు నింపి, సగం తాగాక మళ్లీ నింపుకుంటూ పోవచ్చు. చైనాలో మామూలు రోజుల్లో చాలామంది తాగే పద్ధతి అదే. లెక్క చూసుకున్నా దీనిదే పైచేయి. 4 గ్రాముల యిన్‌జెన్‌కు 128 రూపాయలు పడితే, బై ముదాన్‌కు 60 రూపాయలు. విడతలు రెండింటికీ దాదాపు సమానమే.

వరంగల్ ఎండల్లో గైవాన్, గ్లాసు పద్ధతులు రెంటికంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది వేడి అసలు లేని పద్ధతి. లీటరు నీళ్లలో 6 గ్రాముల బై ముదాన్ వేసి, గాజు సీసాకు మూత పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి ఉదయం వడకట్టుకుంటే, మే నెల మధ్యాహ్నం తాగడానికి అంతకు మించినది లేదు. చల్లని నీటిలో కెఫీన్, వగరు ఇచ్చే పదార్థాలు నెమ్మదిగా దిగుతాయి కాబట్టి తీపే ముందు తెలుస్తుంది.

పొట్లం మీది మాటల్లో కొన్నింటిని పక్కన పెట్టాలి. బరువు తగ్గిస్తుందన్న మాట అక్కడ ఉండకూడదు; రోజుకు రెండు కప్పుల తేయాకు కషాయం ఎవరి నడుమునూ సన్నబరచదు. కెఫీన్ తక్కువన్న మాట కూడా నమ్మదగినది కాదు, ఎందుకంటే తేయాకు మొక్కలో కెఫీన్ ఎక్కువగా ఉండేది మొగ్గల్లోనూ లేత ఆకుల్లోనే; రాత్రి ఎనిమిదికి యిన్‌జెన్ తాగితే నిద్ర ఆలస్యమవుతుంది. ఇక వెయ్యేళ్ల నాటి చక్రవర్తుల తేయాకు అన్న గొప్ప ఒకటి. సోంగ్ వంశపు చక్రవర్తి హ్వేజోంగ్ 1107 ప్రాంతంలో, అంటే మన వేయిస్తంభాల గుడి కట్టడానికి అర్ధ శతాబ్దం ముందు, ఒక తెల్ల తేయాకును మెచ్చుకుంటూ రాసిన మాట వాస్తవం. కానీ అది అరుదైన తెల్లని ఆకుల పొదల నుంచి కోసి, ఆవిరి పట్టి, అచ్చు బిళ్లలుగా చేసి, పొడి కొట్టి చిలికి తాగిన తేయాకు. ఊరికే వాడబెట్టి ఆరబెట్టే నేటి యిన్‌జెన్‌కు దానితో చుట్టరికం లేదు. ఫుదింగ్‌లో పెద్ద మొగ్గల పొదలతో ఈ రకం తయారీ విస్తరించింది పందొమ్మిదో శతాబ్దంలో.

నిల్వ విషయంలో మన వంటగది దీనికి శత్రువు. ఈ ఆకు చుట్టుపక్కల వాసనలను త్వరగా పట్టేస్తుంది, కాబట్టి పోపుల డబ్బా, మిరప్పొడి, ఆవకాయ జాడీ ఉన్న అల్మారాలో పెట్టరాదు. గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలకుండా, వేరే గదిలో ఉంచాలి. వానాకాలంలో తేమ చేరకుండా పొట్లం తెరిచిన ప్రతిసారీ గట్టిగా మూయాలి. బాగా దాచిన తెల్ల తేయాకు ఏళ్లు గడిచేకొద్దీ రంగు ముదిరి, ఎండు పండ్ల వాసనకు తిరుగుతుంది. అలా దాచడానికి ముదురు ఆకులతో చేసే షౌ మెయ్ రకం చవక, తగినది కూడా. పాత షౌ మెయ్‌ను గిన్నెలో వేసి పొయ్యి మీద మరిగించి తాగుతారు, చాయ్ అంటే మరగాలి అనుకునే మన ఇళ్లలో బహుశా అదే ముందుగా చెల్లుతుంది.

అమ్మిన సంస్థ గురించి రెండు మాటలు. డబ్బాలు గట్టివి, సరుకు హనుమకొండకు చెక్కుచెదరకుండా చేరింది. కానీ డబ్బా మీద ప్యాకింగు తేదీ ఉంది తప్ప ఏ సంవత్సరపు వసంతంలో కోసిన ఆకో లేదు. ఇంత ధర పెట్టే తేయాకుకు అది రాయకపోవడం తప్పే. అడిగితే రెండు రోజుల తరువాత జవాబిచ్చారు, అదీ రకం పేరు చెప్పి సరిపెట్టారు గానీ సంవత్సరం చెప్పలేదు. కోత సంవత్సరం అచ్చు వేసే అమ్మకందారు వేరొకరు దొరికేదాకా వీరి దగ్గరే బై ముదాన్ 100 గ్రాముల డబ్బా తీసుకుంటాను. యిన్‌జెన్ కొనాలనుకునేవారు మాత్రం 50 గ్రాములకు వెళ్లకుండా, 10 గ్రాముల నమూనా పొట్లం అడిగి తెప్పించుకుని, ఇంటి నీళ్లతో ముందు కాచి చూసుకోవాలి.